ఏడో వరుసలో తప్పిపోయిన ఐదున్నర గంటలు

లెక్కల మాస్టారు మా ఆఫీసుకు వచ్చేది టికెట్ కోసం కాదు, మోకాళ్ళ కోసం. మాది విమానం టికెట్లు అమ్మే ఒకే ఒక్క గది. ఎదురుగా బస్సు స్టాపు. అక్కడ కూర్చోవడానికి చోటు లేదు, మా దగ్గర నాలుగు కుర్చీలున్నాయి. బస్సు ఆలస్యమైనప్పుడల్లా ఆయన లోపలికి వచ్చి, తలుపు పక్క కుర్చీలో కూలబడి, మోకాళ్ళు నిమురుకుంటూ ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అడుగుతుంటారు. ఉద్యోగం నుంచి దిగిపోయి ఆరేళ్ళయింది. అయినా అంకె కనబడితే దాన్ని బెంచీ ఎక్కించకుండా వదలరు.

ఆ రోజు గోడ మీది బోర్డుని చాలాసేపు చూసి, "ఏమయ్యా, తుపాకీ గుళ్ళక్కూడా టికెట్లు అమ్ముతున్నావా?" అన్నారు.

"అదేంటి మాస్టారూ?"

"ఆ ఏడో వరుస చూడు. దూరం పదకొండు వేల మూడు వందల కిలోమీటర్లు. సమయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. భాగించు."

"భాగించడానికి మీరున్నారుగా."

"గంటకి పదమూడు వందలు దాటుతోంది. మిగతా వరుసలన్నీ ఎనిమిది వందలు, ఎనిమిది వందల యాభై. బుద్ధిగా ఉన్నాయి. ఈ ఒక్కదానికే దెయ్యం పట్టిందా ఏంటి?"

బస్సు వచ్చింది. ఆయన తన మాటకు తానే నవ్వుకుంటూ, ఒక్కో మెట్టూ పట్టుకుని దిగి వెళ్ళిపోయారు. నేను కాగితం తీసుకుని భాగించాను. తరువాత ఇంకోసారి భాగించాను. మూడోసారి పెన్ను కదలలేదు.

ఆ బోర్డు నేనే రాయించాను. మొత్తం పదిహేను వరుసలు. ఒక్కో వరుసలో ఒక ఊరి పేరు, ఇక్కడి నుంచి దూరం, నేరుగా వెళ్ళే విమానానికి పట్టే సమయం. టికెట్ కొనడానికి వచ్చినవాళ్ళు ముందు ధర అడగరు. "ఎంత దూరమండీ, ఎన్ని గంటలండీ" అని అడుగుతారు. వెళ్ళేవాళ్ళకన్నా పంపేవాళ్ళకే ఆ సంగతి ఎక్కువ కావాలి. రోజుకు ముప్ఫైసార్లు చెప్పలేక గోడకు అప్పజెప్పాను. అంకెలన్నీ విమాన కంపెనీ పుస్తకంలోంచి చూసి ఎక్కించినవే, ఏడో వరుస తప్ప. ఆ దూరపు ఊరికి నేరుగా వెళ్ళే విమానం అప్పుడే కొత్తగా మొదలైంది. పుస్తకంలో దూరం ఉంది, గంటలు లేవు. పోస్టరు మాత్రం వచ్చింది. ఉదయం పది గంటలకు బయలుదేరును, సాయంత్రం ఆరూ నలభైకి చేరును.

పెయింటరు నిచ్చెన మీద నుంచి, "ఈ గడిలో ఏం రాయమంటారు? రంగు ఆరిపోతోంది. ఇక్కడే నిలబడి ముసలాణ్ణయిపోతే నిచ్చెన మీదికే పింఛను పంపిస్తారా?" అని అరిచాడు.

పది నుంచి ఆరూ నలభై. వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఎనిమిదీ నలభై" అన్నాను. రాసేశాడు.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. టికెట్ మీద బయలుదేరే సమయం ఇక్కడి గడియారానిది, చేరే సమయం అక్కడి గడియారానిది. ఆ దూరపు ఊరి గడియారం మన గడియారం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. అందుకని ఉత్త తీసివేత చేస్తే చాలదు, ఆ ఐదున్నర మళ్ళీ కలపాలి. ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం ప్రతి ప్రయాణికుడికీ చెబుతున్నాను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఊరందరికీ చెప్పే నేను, నిచ్చెన మీది మనిషి తొందరపెట్టేసరికి, మరిచిపోయాను. అసలు ప్రయాణం పద్నాలుగు గంటల పది నిమిషాలు.

మూడేళ్ళపాటు నిజం దూరమూ అబద్ధం సమయమూ ఒకే వరుసలో, భుజాలు రాసుకుంటూ, అందరి ముందూ కూర్చున్నాయి. ఎవరూ భాగించలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు ఒకరిద్దరు "చాలాసేపు పట్టిందండీ" అన్నారు. "కదలకుండా కూర్చుంటే అలాగే ఉంటుంది లెండి" అని నవ్వి పంపాను.

వాళ్ళందరికీ జరిగిన నష్టమల్లా కాస్త నడుం నొప్పి. దాని గురించి నేను బెంగపడలేదు. నా పెన్ను ఆగింది వేరే సంగతి గుర్తుకొచ్చి.

నాలుగు నెలల కిందట మా వీధి చివరి టైలరమ్మ ఫోను చేసింది. ఆమె పెద్దక్క ఆ దూరపు ఊళ్ళో ఉంటుంది. నెత్తురుకు సంబంధించిన జబ్బు. దానికి కావలసిన ఇంజెక్షను మందు అక్కడ దొరకడం లేదు, ఇక్కడ దొరికింది. ఆరు సీసాలు. ఎప్పుడూ మంచులోనే ఉండాలి. టైలరమ్మ తమ్ముడు తీసుకెళ్తున్నాడు. టికెట్ నా దగ్గరే కొన్నాడు. ముప్ఫై రెండేళ్ళ మనిషి, పాల డిపోలో వ్యాను నడుపుతాడు. ఇద్దరక్కల తరువాత పుట్టినందుకు వీధంతా అతన్ని చిన్నోడనే పిలుస్తుంది.

"అన్నయ్యగారూ, మందుల షాపులో ఉన్నాను. ఎన్ని గంటలు ప్రయాణమని అడుగుతున్నారు. దాన్ని బట్టి మంచు పెడతారట" అంది.

నేను తల తిప్పి బోర్డు చూసి చదివాను. "ఎనిమిదీ నలభై అమ్మా. ఎక్కడానికి ముందు రెండు గంటలు, దిగాక ఒక గంట వేసుకో."

ఆమె అటు తిరిగి చెప్పడం, షాపాయన ఏదో గొణగడం వినిపించింది. "పన్నెండు గంటలకు సరిపడా పెడతానంటున్నారు. ఇంకా పెడితే పెట్టె పెద్దదైపోయి, చేతిలో పట్టుకెళ్ళనివ్వరట. చాలంటారా?"

"చాలమ్మా. బాగా సరిపోతుంది" అన్నాను.

బోర్డు చెప్పింది సరే. ఈ చివరి మాట బోర్డు చెప్పలేదు. నేను చెప్పాను.

చిన్నోడు వెళ్ళాడు, మందు ఇచ్చాడు. పన్నెండు రోజులకు పెద్దక్క పోయింది. కబురు తెలిసి మా ఆవిడా నేనూ పలకరించడానికి వెళ్ళాం. టైలరమ్మ కుట్టు మిషను మీద గుడ్డ కప్పి, దాని పక్కనే నేల మీద కూర్చుని ఉంది. "మందు అందిందండీ. పనిచేయలేదు. చేయొచ్చు, చేయకపోవచ్చు అని డాక్టరు ముందే అన్నాడట. ఎంత రాసుంటే అంత" అంది. నేనూ దేవుడి పేరు చెప్పి ఓదార్చాను. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

మాస్టారు లెక్క చెప్పిన మరునాడే పెయింటరును పిలిపించాను. పాత అంకెల మీద నల్ల రంగు పూసి, తెల్ల రంగుతో కొత్త అంకెలు రాశాడు. అతను నిచ్చెన మడిచేలోపే పద్నాలుగూ పది కిందనుంచి ఎనిమిదీ నలభై సన్నగా పైకి తేలింది. నీళ్ళ అడుగున పడిన నాణెంలా. ఇంకో పూత వేయించాను. రెండు రోజులకు మళ్ళీ తేలింది. మూడో పూత వేశాక పెయింటరు కిందికి దిగి, దూరంగా నిలబడి, దగ్గరగా నిలబడి, తల అటూ ఇటూ వంచి చూశాడు.

"నాకేం కనబడట్లేదండీ. మీకు కనబడుతుంటే బోర్డుకి కాదు, కళ్ళకి వేయించుకోవాలి మందు" అన్నాడు.

మా ఆవిడ మధ్యాహ్నం క్యారియరు తెచ్చినప్పుడు, "ఆ ఏడో వరుసలో ఏం రాసుందో చదువు" అన్నాను. "పద్నాలుగూ పది. ఏం, మీరు అక్షరాలు మరిచిపోయారా?" అని గిన్నెలు సర్దింది.

ఆ విమానం రోజూ ఉదయం పదింటికి లేస్తుంది. నేనూ దానితో లేవడం మొదలుపెట్టాను. ఆఫీసు తెరిచి, దేవుడి పటం ముందు దీపం పెట్టి, కుర్చీలో కూర్చునేసరికి పదవుతుంది. అప్పటినుంచి ఎవరితో మాట్లాడుతున్నా లోపల ఒక గడియారం వేరేగా నడిచేది. ఇప్పుడు మూడో గంట. ఇప్పుడు ఏడో గంట. సాయంత్రం ఎనిమిదయ్యేసరికి విమానం ఎగిరి పది గంటలు. ముందు రెండు గంటలు కలిపితే పన్నెండు. మందుల షాపాయన పెట్టిన మంచు అక్కడితో సరి. సరిగ్గా ఆ వేళకు నా ఎడమ అరచేయి చల్లబడేది. కాసేపటికి తడి తగిలేది. చూస్తే ఏమీ ఉండదు.

"ఏంటండీ ఆ తుడుచుకోవడం? భోంచేస్తున్నారా, బల్ల శుభ్రం చేస్తున్నారా?" అనేది మా ఆవిడ. నేను తువ్వాలు పక్కన పెట్టేవాణ్ణి. ఎనిమిది దాటాక కూడా విమానం ఇంకా నాలుగు గంటలకు పైగా గాలిలోనే ఉంటుంది. ఆ నాలుగు గంటల గురించి ఆలోచించకుండా ఉండడానికి నేను రేడియో పెట్టుకునేవాణ్ణి. రేడియోలో గంట కొట్టినప్పుడల్లా దాన్ని కట్టేసేవాణ్ణి.

పెద్దక్కను నేను చూసెరగను. పొడుగో పొట్టో తెలియదు. ఒక రోజు ఆఫీసులో ఒక పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే, "ముందు ఆవిడ పని చూడండి, నాకు తొందర లేదు" అన్నాడు. గదిలో ఎవరూ లేరు. "ఎవరండీ?" అన్నాను. ఆయన నాలుగో కుర్చీ వైపు చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "వెళ్ళిపోయినట్టున్నారు" అని వచ్చి, దాన్ని వదిలి మూడో దానిలో కూర్చున్నాడు. ఆయన కళ్ళు బాగా లేవని ఆయనే చెప్పుకున్నాడు. అయినా ఆ రోజు నుంచి ఆ కుర్చీ మీద నేను కాగితాలు పెట్టడం మానేశాను.

ఆఫీసు తెరిచేటప్పుడు రోజూ నేను చేసుకునే ప్రార్థన చిన్నది. ఈ రోజు నా నోట అబద్ధం రానీయకు స్వామీ, అంతే. మా నాన్న నేర్పింది. ఇరవై ఏళ్ళు అది ఫలిస్తోందనే అనుకున్నాను. ఇప్పుడు దీపం పెట్టి నిలబడితే ఆ మాట బదులు ప్రశ్నలే వస్తాయి. తెలియక చెప్పినదాన్ని ఏమంటావు? అబద్ధం అనవా? అనకపోతే ఈ తడి ఎక్కడిది? 'చాలమ్మా' అని నేనంటున్నప్పుడు నువ్వు వింటూనే ఉన్నావు కదా, నాలుక ఎందుకు తడబడనీయలేదు? ఇలా అడగడం తప్పేమో. తప్పయితే క్షమించమని కూడా అడిగాను. స్వామి మౌనానికి అర్థం చెప్పేంత చదువు నాకు లేదు.

మూడు వారాలకు మా ఆవిడకు చెప్పేశాను. ఆమె పూర్తిగా విని, "కావాలని చేశారా?" అంది.

"లేదు."

"మందు అందువల్లే పాడైందని ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"మరి గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం దేనికి? ఇప్పుడు వెళ్ళి చెబితే పోయినావిడ లేచొస్తుందా? మానుతున్న పుండును గోకడం తప్ప!"

ఆ మాటలు నాకు హాయిగా అనిపించాయి. అంత హాయిగా అనిపించినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా వారం రోజులు ఆ హాయిలోనే ఉన్నాను. అరచేయి మాత్రం ఎనిమిదింటికి తన పని తాను చేసుకుపోయింది.

వారం తరువాత ఆమె టైలరమ్మ దగ్గరినుంచి కుట్టని బట్టల సంచీ అలాగే తిరిగి తెచ్చి, బల్ల మీద పెట్టి నిలబడింది.

"చిన్నోడు పనికి పోవడం మానేశాడట. నెల దాటింది. డిపోవాళ్ళు వేరేవాణ్ణి పెట్టుకున్నారు. ఆ మందు పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక గదిలో కూర్చుంటున్నాడట. తిండి పెడితే తింటాడు, లేకపోతే లేదు."

"ఎందుకు?"

"అక్కడ దిగాక సోదావాళ్ళు మూత తీసి చూపించమన్నారట. తీశాడట. వేడిగాలి తగిలి మందు పాడైందట. అక్కను నేనే చంపానంటాడట."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె కూర్చోలేదు.

"రేపు వెళ్ళండి" అంది.

"నువ్వేగా వద్దన్నావు."

"పోయినావిడ కోసమైతే వద్దన్నాను. వాడు బతికున్నాడు కదా."

మరునాడు మధ్యాహ్నం ఆఫీసు మూసి వెళ్ళాను. నాలుగు వందల అడుగుల వీధి. ఎన్నడూ అంత దూరం నడిచినట్టు లేదు. టైలరమ్మ ముందు గదిలో మిషను తొక్కుతోంది. కత్తిరించే బల్ల మీద సగం కోసిన చొక్కా, గాజు సీసాల్లో రంగురంగుల గుండీలు, మెడ చుట్టూ టేపు. నన్ను చూసి కాలు ఆపింది.

"రండి అన్నయ్యగారూ. వదిన కోపంగా వెళ్ళిందా? రెండు రోజుల్లో కుట్టేస్తానని చెప్పండి."

"బట్టల కోసం రాలేదమ్మా. చిన్నోడితో మాట్లాడదామని."

"మాట్లాడండి. మీతోనైనా మాట్లాడితే అంతకన్నానా! గోడక్కూడా ఈపాటికి నా మీద జాలేసుంటుంది, వాడు మాత్రం ఉలకడు పలకడు."

వెనక గదిలో ఒక మంచం, ఒక కిటికీ. మిషను మళ్ళీ మొదలైంది. చిన్నోడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తెల్లటి థర్మాకోల్ పెట్టె. చేతి చెమటకు దాని మూలలు మాసి ఉన్నాయి. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవబోయాడు, పెట్టె అడ్డమొచ్చి కూర్చుండిపోయాడు.

దారిలో ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. అవన్నీ వదిలేసి, "మా బోర్డు మీద గంటలు తప్పు రాసుంది" అన్నాను. "మీ అక్క ఫోను చేస్తే దాన్నే చదివాను. ఎనిమిదీ నలభై కాదు. పద్నాలుగూ పది. ఐదున్నర గంటలు తక్కువ చెప్పాను. నువ్వు మూత తీసేసరికే మంచు కరిగి చాలాసేపై ఉంటుంది. నువ్వు తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. తప్పు నాది. నీది కాదు."

అతను ఏడుస్తాడనుకున్నాను, లేదా నా మీద పడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. పెట్టె మూత మీద బొటనవేలితో గీస్తూ కూర్చున్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"పద్నాలుగు గంటలని. విమానం లేచాక మైకులో చెప్పారు. నాకే సరిగ్గా అర్థం కాలేదనుకున్నాను. మీరు చెప్పింది తప్పవుతుందని అనుకోలేదు. తరువాత ముందు కుర్చీ వెనకున్న చిన్న టీవీలో ఇంకా ఎంతసేపో చూపిస్తుంటే, దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది గంటలైంది, దిగలేదు. పదైంది, దిగలేదు."

"ఎవరినైనా మంచు అడగాల్సింది కదరా!" అన్నాను. అనకూడని మాట. నోరు జారింది.

"నాది కిటికీ సీటు. పక్కన ఇద్దరూ నిద్రపోతున్నారు. ఇద్దరూ పెద్దవాళ్ళు. లేపితే ఏమనుకుంటారోనని... లేస్తారు లేస్తారని చూశాను. లేవలేదు."

ముందు గదిలో మిషను టకటకా నడుస్తూనే ఉంది. అతను గొంతు ఇంకా తగ్గించాడు.

"మూత తీసినప్పుడు సోదావాళ్ళు చూసింది సీసాల్ని. నేను చూసింది నీళ్ళని. మంచు ముక్క ఒక్కటి లేదు. గోరువెచ్చగా ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్ళాక నర్సు పెట్టె తీసుకుంటూ అడిగింది, దారంతా చల్లగానే ఉందా అని. పెద్దక్క మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. నవ్వుతోంది. నీళ్ళు నేను బాత్రూంలో పారబోసి వచ్చాను అప్పటికే." అతని బొటనవేలు ఆగింది. "చల్లగానే ఉందన్నాను."

నేను అతని తప్పు మోసుకుపోదామని వచ్చాను. అది నాకు అందలేదు. నా తప్పు కింద అతనిది ఇంకొకటి ఉంది, దాన్ని అతను ఎవరినీ ముట్టుకోనీయలేదు. మూత సంగతి అతను అందరికీ చెప్పుకున్నది అసలు సంగతి మీద కప్పడానికే.

"మీరొచ్చి చెప్పేశారు" అన్నాడు. "నేనెవరికి చెప్పాలి?"

అప్పుడు మిషను ఆగి ఉందని తెలిసింది. ఎప్పుడు ఆగిందో మా ఇద్దరికీ తెలియదు. టైలరమ్మ గుమ్మంలో ఉంది. నోట్లో రెండు గుండుసూదులు. వాటిని ఒక్కొక్కటే తీసి పమిటకు గుచ్చుకుంది.

"నాకు చెప్పు" అంది.

చిన్నోడు మళ్ళీ చెప్పాడు. ఈసారి నర్సు అడిగిన మాట దగ్గర మొదలుపెట్టాడు. ఆమె వింటూ ఒకసారి చేయి పైకెత్తింది. కొడుతుందనుకున్నాను. ఆ చేయి పెట్టె మూత మీదికి దిగింది, అక్కడే ఉండిపోయింది. తరువాత నావైపు తిరిగింది. నేను నా మాట మళ్ళీ చెప్పాను, 'చాలమ్మా' అన్న సంగతి కూడా విడవకుండా.

"అది నాకు గుర్తుంది" అంది ఆమె.

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"మిమ్మల్ని ఏమనాలో నాకింకా తెలియట్లేదు అన్నయ్యగారూ. తెలిసినప్పుడు అంటాను" అంది. "ఇప్పుడు ఒకటి చెప్పండి. మంచు ఎక్కడ కరిగింది?"

"ఎక్కడంటే?"

"ఏ చోట? విమానం ఎక్కడుండగా? మీరు దూరాలు తెలిసిన మనిషి కదా, చెప్పండి."

ఇరవై ఏళ్ళలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఇంటికి వెళ్ళి మా అమ్మాయి బల్ల మీదున్న గ్లోబు పట్టుకొచ్చాను. మా ఆవిడ ఎందుకని అడగలేదు, మీద దుమ్ము తుడిచి ఇచ్చింది.

కత్తిరించే బల్ల మీది చొక్కా పక్కకు తోసి, గ్లోబును మధ్యలో పెట్టాం. చిన్నోడు కూడా వచ్చి నిలబడ్డాడు. పెట్టె వెనక గదిలోనే ఉంది. గదిలోంచి చేతులూపుకుంటూ వచ్చినందుకు అతనికే వింతగా ఉన్నట్టుంది, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకల్లో దోపుకున్నాడు.

"విమానం గీత గీసినట్టు పోదమ్మా, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి వంపు తిరిగి..." అని మొదలుపెట్టాను.

"గుండ్రటివాటికి కొలతలు తీయడం నాకు చెప్పకండి. మెడలూ భుజాలూ కొలిచి బతికేదాన్ని" అని టేపు మెడలోంచి లాగింది. ముందు బంతి నడుము చుట్టూ తిప్పింది. ఇరవై ఐదు అంగుళాలు. భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు, అంటే అంగుళానికి పదహారు వందలు. ఇక్కడి నుంచి ఆ దూరపు ఊరికి టేపు బిగించి లాగితే ఏడు అంగుళాలకు ఒక వెంట్రుక ఎక్కువ.

"టేపు మొదలు పట్టుకోండి, జారుతోంది" అంది. మా ఊరి మీద, ఇనుప బిళ్ళ ఉన్న చివరను వేలితో నొక్కి పట్టుకున్నాను.

"ఇప్పుడు చెప్పండి."

"గాలిలో పది గంటలయ్యేసరికి మంచు అయిపోయుంటుంది. గంటకి ఎనిమిది వందల చొప్పున ఎనిమిది వేలు. అంటే ఐదు అంగుళాలు."

ఐదో అంగుళం దగ్గర ఆమె సుద్దముక్కతో చుక్క పెట్టింది. వంగి, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. అక్కడ నీలం రంగు తప్ప ఏమీ లేదు.

"ఇక్కడేముంది?"

"సముద్రం."

"దగ్గర్లో ఊళ్ళేమీ లేవా? చిన్నవైనా?"

"లేవమ్మా."

"అయితే ఎవరినీ అడగడానికి లేదన్నమాట" అంది. ఎవరితో అందో తెలియదు. చిన్నోడు ముఖం గోడకు తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఆమె అటు చూడలేదు. సుద్ద చుక్క నుంచి ఆ ఊరిదాకా మిగిలిన రెండంగుళాల మీద వేలు నడిపించింది. నెమ్మదిగా, కుట్టు సరిగ్గా పడిందా లేదా అని తడిమి చూసినట్టు. చివరికి వెళ్ళాక మళ్ళీ వెనక్కి చుక్క దగ్గరికి తెచ్చింది.

"ఒరే, ఇటు రా. ఇక్కడి నుంచి నువ్వు చెప్పు" అంది తమ్ముడితో. "బయట వెలుగుందా, చీకటా? పక్కవాళ్ళు ఎలా ఉన్నారు? అన్నీ చెప్పు. ఏదీ వదలకు."

అతను ముఖం తుడుచుకుని వచ్చి, ఆ నీలం మీద వేలు పెట్టాడు. వెలుగే ఉందన్నాడు. సూర్యుడు ఎంతకీ దిగలేదన్నాడు. కిటికీ వైపు కూర్చున్నందుకు ఎండ పెట్టె మీద పడుతుంటే చొక్కా విప్పి కప్పానన్నాడు. ఆమె ఒక్కో మాటకూ తల ఊపుతోంది. ఆమె వేలు అతని వేలి వెనకే, నూలుపోగంత చొప్పున జరుగుతోంది.

టేపు ఈ చివర నా వేలి కిందే ఉంది. వదలమని ఆమె అనలేదు. వాళ్ళు ఇంకా ఆ ఊళ్ళో దిగలేదు. నేను నొక్కి పట్టుకునే నిలబడ్డాను.